తిరిగొచ్చిన అక్కను మొదట ఏం అడుగుతున్నాం?

ఈ శిక్షణకు వచ్చిన అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, డ్వాక్రా సంఘాల లీడర్లకు, న్యాయ సేవాధికార సంస్థ తరఫున పనిచేస్తున్న పారాలీగల్ వాలంటీర్లకు నమస్కారం.

రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వైపు ఊళ్లలో కువైట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మీలో చాలామంది ఇళ్లల్లోనే ఎవరో ఒకరు అక్కడ ఉండుంటారు. కువైట్ డబ్బుతో లేచిన మేడలు మన కళ్లముందే ఉన్నాయి. ఆ మేడల పక్క వీధిలోనే ఖద్దామా పనికి, అంటే ఇంటిపనికి పోయి, దెబ్బలు తిని, జీతం చేతికి రాక, కొందరైతే నోటితో చెప్పలేనిది అనుభవించి తిరిగొచ్చిన ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడటానికే వచ్చాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అలా తిరిగొచ్చిన మనిషికి మనం చేసే సాయం ఆమె ఏం అడుగుతుందో అక్కడ మొదలవ్వాలి. కేసు పెట్టించాలని మనకు ఆత్రంగా ఉండొచ్చు. పేపరువాళ్లకు ఆమె కథ కావాలి. ఇంట్లోవాళ్లకు పరువు కావాలి. వీటన్నిటికంటే ముందు ఆమెకేం కావాలో అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

అసలు ఎలా పోతున్నారో ముందు చూద్దాం. బోరు ఎండిపోయి అప్పు మిగిలిన ఇల్లు, భర్త వదిలేసిన ఇల్లు, కూతురి పెళ్లికి డబ్బు కావలసిన ఇల్లు. ఆ గడపలోకి వచ్చే ఏజెంటు కొత్త మనిషి కాదు. వరసకు అన్నో, చిన్నాన్నో అవుతాడు. ఒక్కోసారి తనూ అక్కడ పనిచేసి వచ్చిన ఆడమనిషే ఏజెంటు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఇసిఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవలసినది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పోవాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే. మీ ఊళ్లో వాటి ద్వారా పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే ఆలోచించండి. ఏజెంటు దగ్గర దగ్గరిదారి ఉంటుంది. వయసు చాలకపోతే ఆధార్‌లో మార్పిస్తానంటాడు. విజిట్ వీసా మీద దుబాయో మస్కటో పంపించి, అక్కణ్ణుంచి కువైట్ చేరుస్తానంటాడు. అలా పోయిన మనిషి పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. ఆమెకు ఏదైనా అయితే వెతకడానికి మొదటి ఆధారమే లేదన్నమాట.

అక్కడికి చేరాక కఫాలా పద్ధతి, అంటే ఆమె ఉండటం, పని మారడం అన్నీ యజమాని చేతిలో ఉండే ఏర్పాటు. ఆమె అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, కఫీల్ అనే ఆ యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. తట్టుకోలేక ఇల్లు వదిలి బయటికొస్తే, పారిపోయిందని అతను కేసు పెట్టొచ్చు. ఆ క్షణం నుంచి ఆమె ఖల్లివల్లి, అంటే సరైన కాగితాలు లేకుండా ఉంటున్న మనిషి. జీతం ఎగ్గొట్టినవాడు ఇంట్లో హాయిగా ఉంటాడు, ఆమె పోలీసులను చూసి దాక్కోవాలి. తెప్పించుకోవడానికి ఏజెన్సీకి పెద్ద మొత్తం కట్టామని, "నిన్ను కొనుక్కున్నాం" అని మొహమ్మీదే అనే యజమానులు ఉన్నారు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను.

చట్టం లేక కాదు. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవివ్వాలి. పాస్‌పోర్టు ఆమె ఒప్పుకోకుండా దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. నాలుగు గోడల మధ్య, ఫోను లాక్కుని, తలుపుకు తాళం వేసిన ఇంట్లో ఏం జరుగుతోందో చూసేవాళ్లు లేరు. అయినా ఈ చట్టం సంగతి మనకు తెలియాలి. ఎందుకంటే కనీస జీతం ఆమె హక్కు, యజమాని దయ కాదు అని ఆమెకు చెప్పగలిగే మనిషి ఊళ్లో ఒకరైనా ఉండాలి.

ఇక ఒకామె గురించి చెప్తాను. పేరు, ఊరు వద్దు. రెండేళ్లకని పోయి పది నెలలకే ఔట్‌పాస్ (పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) మీద వచ్చేసింది. రెండు అరచేతులూ క్లోరెక్స్‌కు, అంటే కడగడానికి వాడే బ్లీచ్‌కు, తోలు లేచిపోయి ఉన్నాయి. గ్లవ్స్ ఇవ్వకుండా రోజూ మూడు బాత్రూములు దాంతోనే కడిగించారట. వెంట వచ్చిన అన్న ఒకటే మాట, "ఆ కఫీల్ మీద కేసు పెట్టాలి మేడమ్, ఏం చేశాడో చెప్పవే" అని. ఆమె తలెత్తలేదు. చాలాసేపటికి సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. బంగారం తాకట్టు పెట్టిన చోటు నుంచి వచ్చిన వేలం నోటీసు. ఏజెంటుకు ఇవ్వడానికి కుదువపెట్టిన నల్లపూసల దండ, కూతురి కమ్మలు అందులో ఉన్నాయి. గడువు ఇంకో వారం. "ముందు దీని సంగతి చూడక్కా, మిగతాది తర్వాత" అంది.

దాంతోనే మొదలుపెట్టాం. వాళ్ల సంఘం లీడరు, నేను ఆ బ్రాంచికి పోయి మాట్లాడాం. సంఘం పొదుపులోంచి వడ్డీ వరకు కట్టి వేలం ఆపించాం. తర్వాత ఆమె నిద్ర గురించి చెప్పింది. రాత్రిపూట తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటోందని, కూతురు భయపడుతోందని. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోయాం. ఆ ఇంటి కొడుకు తనను ఏం చేశాడన్నది నెలల తర్వాత, ఎవరూ అడగకుండా, తనంతట తను చెప్పింది. ఏజెంటు మీద ఫిర్యాదు చేయాలన్న నిర్ణయం కూడా తనదే. మొదటిరోజే అన్న అడిగినట్టు అడిగి ఉంటే ఆ నోరు ఎప్పటికీ తెరుచుకునేది కాదని నా నమ్మకం.

అందుకే మీరు ఇంటికి పోయినప్పుడు "ఏం జరిగింది?" అని మొదలుపెట్టొద్దు. "ఎంత తెచ్చావు?" అని అసలే అడగొద్దు. మన ఊళ్లలో తిరిగొచ్చిన మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే, ఖాళీ చేతులతో వచ్చిన మనిషికి అది చెంపదెబ్బ. తిన్నావా, ఎక్కడ పడుకుంటున్నావు, ఆ ఇంట్లో నీకు భయంగా ఉందా, పిల్లలు నీ దగ్గరికి వస్తున్నారా, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పొద్దు, ఇవి అడగండి. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. భర్తకు తెలియకూడనిది ఉండొచ్చు, ఆమె చెప్పమనేదాకా మీ నోటి నుంచి అది బయటికి రాకూడదు. మాట్లాడేటప్పుడు ఆమెతో వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనండి. చెప్పడం మొదలుపెడితే, ఆమె ఒప్పుకుంటే, ఒక్కసారి శ్రద్ధగా రాసిపెట్టండి. అదే కాగితం ఆసుపత్రికి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి సెంటరుకు, లాయరుకు పనికొస్తే, నాలుగు బల్లల ముందు నిలబడి నాలుగుసార్లు అదే గాయం విప్పి చూపించే బాధ ఆమెకు కొంతైనా తగ్గుతుంది.

ఒంటి సంగతి ఆలస్యం చేయకూడదు. అత్యాచారానికి గురైన మనిషికి ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. చేయకపోతే అది నేరం. గర్భంతో తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. ఆమె వద్దనుకుంటే, 2021 సవరణ ప్రకారం ఇలాంటి వాళ్లకు 24 వారాల వరకు చట్టబద్ధంగా గర్భస్రావం చేయించుకునే వీలుంది. భయంతో నాటువైద్యం దగ్గరికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోకముందే ఈ మాట ఆమె చెవిన పడాలి. ఆశా అక్కలూ, ఇది మీ చేతుల్లో ఉంది.

కేసు విషయానికొద్దాం. స్టేషన్లోనూ ఊరి పెద్దల దగ్గరా మొదట వినిపించేది, "నీ ఇష్టంతోనే పోయావు కదమ్మా" అని. మనుషుల అక్రమ రవాణాకు సంబంధించిన సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 143, పాత ఐపీసీలో 370, ఈ వాదనకు చోటివ్వదు. మోసం చేసో, బెదిరించో, డబ్బు ఆశ చూపించో ఒక మనిషిని దోపిడీ కోసం తరలిస్తే, ఆ మనిషి ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఈ ఒక్క ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. అడ్డదారిలో పోయింది కాబట్టి తన మీదే కేసు పెడతారేమోనని ఆమె భయపడుతుంది, ఏజెంటు ఆ భయాన్ని ఇంకా పెంచుతాడు. స్టేషనుకు పోకముందే లాయరుతో మాట్లాడించండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే చాలు.

పంచాయితీ పెట్టి ఏజెంటు దగ్గర సగం డబ్బు ఇప్పించి కాగితం రాయించుకోవడం మన దగ్గర మామూలే. ఆమెకు డబ్బు అవసరం, తీసుకుంటే తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టనివ్వొద్దు. అత్యాచారం, అక్రమ రవాణా పెద్దమనుషులు రాజీ కుదిర్చే నేరాలు కావని ఆ పెద్దమనుషులకే గట్టిగా చెప్పండి.

ఇప్పుడు ఫోన్ వీడియోల సంగతి. ఒక అక్క బాత్రూములో దాక్కుని, ఏడుస్తూ, "నన్ను కాపాడండి" అని సెల్ఫీ వీడియో పంపుతుంది. గంటలో అది యాభై వాట్సాప్ గ్రూపులకు పోతుంది. చానళ్లు చూపిస్తాయి, కొన్నిసార్లు నాయకులు కదులుతారు, ఆమె ఇంటికొస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లకు అదొక్కటే దారి అనిపిస్తుంది. వాళ్లను నేను నిందించను. కానీ ఆ వీడియో కఫీల్ కూడా చూస్తాడు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆ రాత్రి ఏం జరుగుతుందో ఎవరూ ఆలోచించరు. తిరిగొచ్చాక కూడా ఆ ముఖం, ఆ ఏడుపు యూట్యూబులో అలాగే ఉంటాయి. రేపు కూతురి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు వెతికితే అదే దొరుకుతుంది. పైగా లైంగిక దాడి బాధితుల గుర్తింపు తెలిసేలా ప్రచురిస్తే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. కాబట్టి వీడియో వస్తే గ్రూపులో వేయొద్దు, వేసినవాళ్లతో తీయించండి. విదేశాల్లో కష్టాల్లో ఉన్న మనవాళ్ల ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 1800 11 3090. వీడియోను అక్కడికీ, ఎంబసీకీ పంపండి. రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది, ఆశ్రయానికి, టికెట్టుకు, లాయరుకు అందులోంచి ఖర్చుపెట్టవచ్చు. జీతం బాకీ ఉంటే, అక్కడ ఉండగానే ఫిర్యాదు నమోదు చేయించి, తన తరఫున నడపడానికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రమ్మని చెప్పండి. ఉత్త చేతులతో విమానం ఎక్కేస్తే ఆ డబ్బు మీద ఆశ చాలావరకు పోయినట్టే.

ప్రభుత్వాలు గట్టిగా నిలబడితే కొంత కదులుతుంది. 2018లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం కువైట్‌లోని ఓ ఫ్లాట్‌లో ఫ్రీజర్‌లో దొరికినప్పుడు ఆ దేశం తన మనుషులను పంపడం ఆపేసింది. నెలల్లోనే కువైట్ ఒప్పందానికి వచ్చింది. మన దేశం కూడా ఇంటిపనివాళ్ల మీద 2021 జూన్‌లో కువైట్‌తో ఒప్పందం చేసుకుంది. అది ఎంతవరకు అమలవుతోందో అడగవలసినవాళ్లలో మనమూ ఉన్నాం.

హైదరాబాద్ నుంచి వచ్చిన చెల్లెళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి ఒక మాట. మన అక్కకు ఎంత కష్టమొచ్చినా పోయి తలుపు తట్టడానికి ఒక ఎంబసీ ఉంది. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉన్న రోహింగ్యా ఆడవాళ్లకు అది కూడా లేదు. భారత్ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమూ లేదు. ఇంట్లో భర్త కొడితే స్టేషనుకు పోవాలన్నా, కాగితాలు చూపించమంటారేమో, డిటెన్షన్‌కు పంపుతారేమో అన్న టెన్షన్. వాళ్లలో ఎవరైనా మీ దగ్గరికి వస్తే, సఖి సెంటరు హింసకు గురైన ఆడమనిషి ఎవరైనా రాగలిగిన చోటని చెప్పండి. భాష రాదని ఆమె భర్తనే దుబాసీగా కూర్చోబెట్టకండి. కొట్టినవాడి నోటి ద్వారా దెబ్బల గురించి వినడం అవుతుంది. పక్కింటి ఆడమనిషినీ వద్దు, రేపటికి బస్తీ అంతా తెలుస్తుంది. ఫోన్లో అయినా సరే, ఆమె ఎవరో తెలియని దుబాసీని వెతకండి.

ఇంకొక పని మన ఊళ్లలో ఇప్పటినుంచే చేయొచ్చు. కువైట్ పోయే ప్రతి మనిషి దగ్గరా పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు జిరాక్సులు తీసుకుని సంఘం దగ్గర ఒక కవరులో ఉంచండి. చేరిన వారంలోపు కఫీల్ పేరు, అతని సివిల్ ఐడి (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, ఇంటి పాసీ నంబరు పంపమని చెప్పండి. అక్కడ ప్రతి భవనానికీ గోడ మీద ఆ నంబరు ఉంటుంది, ఒక ఫొటో తీసి పంపితే చాలు. తర్వాత ఫోన్ ఆగిపోయినా, ఏ ఇంట్లో ఉందో ఎంబసీకి చెప్పగలుగుతాం. ఇంటివాళ్లతో ఒక గుర్తుమాట కూడా పెట్టించుకోండి. పక్కన కఫీల్ భార్య నిలబడి వింటున్నప్పుడు కూడా చెప్పగలిగేది, "తాతకు జ్వరం తగ్గిందా?" లాంటిది. అది వినగానే మనం ఫిర్యాదు పెట్టాలి.

భోజనాల తర్వాత మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా నమోదు చేయాలో మీ ఫోన్లలోనే చేసి చూద్దాం. మీ ఊళ్లో ఇప్పుడు నడుస్తున్న కేసులుంటే అందరి ముందు పేర్లు చెప్పొద్దు, చీటీ మీద కూడా రాయొద్దు. నేను, మన లాయరమ్మ వెనక గదిలో కూర్చుంటాం, ఒక్కొక్కరుగా వచ్చి మాట్లాడండి.