పటం మీద రాసింది చదవరేం?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి 'మూడు వింత పటాలు' అని పేరు పెట్టారు. పీరీ రయీస్ పటం, ఓరాన్స్ ఫినే పటం, విన్‌లాండ్ పటం. మూడింటికీ కలిపి నలభై నిమిషాలిచ్చారు. మొదటిదాని దగ్గరే ఆగిపోతానేమోనని నాకే అనుమానంగా ఉంది. మన ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ దాని మీదే కదా.

ఆ వీడియోల సారాంశం మీకు తెలుసు. 1513లో పీరీ రయీస్ అనే తురుష్క నావికుడు గీసిన పటంలో అంటార్కిటికా తీరం ఉందట, అదీ మంచు కప్పకముందు ఉన్న తీరమట. మనుషులు ఆ ఖండాన్ని మొదటిసారి చూసింది 1820లో. కాబట్టి ఏదో మాయమైపోయిన నాగరికత గీసిన పటానికి ఇది నకలట. అక్కడి నుంచి ఎవరి ఓపిక వాళ్లది. అట్లాంటిస్ వచ్చింది, గ్రహాంతరవాసులు వచ్చారు, రేపోమాపో పుష్పక విమానం కూడా వస్తుంది.

నా గోడు ఒక్కటే. ఆ పటం నిండా అక్షరాలున్నాయి. గీసినవాడు ఏది ఎక్కణ్ణుంచి తీసుకున్నాడో దాని మీదే రాసి పెట్టాడు. పటం చూపించేవాళ్లు వేలమంది, రాసింది చదివేవాడు ఒక్కడూ కనపడడు.

ఈ గోడ మీద ఉన్నది నకలు. అసలుది ఇస్తాంబుల్ తోప్‌కాపీ భవనంలో ఉంది. జింక తోలు మీద గీసింది, సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు, 63 వెడల్పు. 1929 అక్టోబరు 9న డైస్‌మన్ అనే జర్మన్ పండితుడు అక్కడి పాత గ్రంథాలు పరిశీలిస్తుండగా బయటపడింది. అదేమిటో పోల్చుకున్నది పాల్ కాలే అనే మరో జర్మన్ పండితుడు. కుడివైపు అంచు చూడండి, కోసినట్టు లేదు, చిరిగింది. మొత్తం ప్రపంచ పటంలో మనకు మిగిలింది మూడో వంతో, ఇంకా తక్కువో. గీసిన చోటు గల్లిపోలి, హిజ్రీ 919 ముహర్రం నెల. ఇదీ పటం మీదే ఉంది.

ఇప్పుడు ఎడమపక్క ఉన్న పెద్ద రాత. సుమారు ఇరవై పటాలు దగ్గర పెట్టుకుని ఇది కూర్చానంటాడు పీరీ. వాటిలో ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ బాణీవి ఎనిమిది, హింద్‌ను చూపే అరబ్బు పటం ఒకటి, సింధ్, హింద్, చీనా దేశాలకు పోర్చుగీసులు కొత్తగా గీసినవి నాలుగు, పడమటి భాగానికి కొలంబస్ గీసినది ఒకటి. పీరీకి పినతండ్రో పెదతండ్రో అయిన కెమాల్ రయీస్ దగ్గర ఒక స్పెయిన్ బందీ ఉండేవాడు. కొలంబస్‌తో మూడుసార్లు సముద్రం దాటానని చెప్పినవాడు. ఆ సంగతీ రాశాడు. దాచిందేముంది ఇందులో?

కొలంబస్ పటం నిజంగానే వాడాడా అంటే, తప్పులే సాక్ష్యం చెబుతాయి. కరీబియన్ దగ్గరికి రండి. హిస్పానియోలా ద్వీపం అసలు తూర్పు పడమరలుగా పడుకుని ఉంటుంది. ఇక్కడ నిలువుగా లేచి నిలబడింది. ఆ కాలపు పటాల్లో జపానును అలాగే నిలువుగా గీసేవారు. కొలంబస్ తాను చేరింది జపాను ప్రాంతమేననుకున్నాడు. క్యూబా చూడండి, ద్వీపంగా లేదు, నేలలో కలిసిపోయింది. 1494 జూన్‌లో క్యూబా ఖండంలో భాగమేనని కొలంబస్ తన ఓడల్లోని వాళ్లందరి చేత నోటరీ ముందు ప్రమాణం చేయించాడు. మాట మారిస్తే పదివేల మరవేదీలు, అంటే అప్పటి స్పెయిన్ నాణేలు, జుల్మానా, నాలుక కోత. ఆ మొండితనం ఈ తోలు మీదకు అలాగే దిగింది. అన్నీ తెలిసిన ప్రాచీన నాగరికత సర్వే చేసి ఉంటే క్యూబాను నేలకు అతికిస్తుందా?

పైన ఎడమ మూల చేప మీద నిప్పు రాజేసిన మనుషులు కనిపిస్తున్నారా? సన్యాసి బ్రెండన్ కథ అది. తిమింగలాన్ని దీవి అనుకుని దాని వీపు మీద దిగారట. ఇది ఏ వీడియోలోనూ పడదు.

ఇక అసలు తగాదా, అడుగున తూర్పుకు తిరిగిన తీరం. అంటార్కిటికా అంటున్నది దాన్నే. దాని పక్కన ఏం రాసుందో తెలుసా? ఈ దేశంలో చాలా వేడి, పెద్ద పెద్ద పాములున్నాయట, అందుకే పోర్చుగీసులు దిగలేదట. అయ్యా, వెనక వరుసలో నవ్వుతున్న బాబూ, గట్టిగా చెప్పు, అంటార్కిటికాలో పాములుంటాయా?

ఈ వాదానికి ఊపిరి పోసింది అమెరికా ఆచార్యుడు చార్లెస్ హాప్‌గుడ్, 1966 నాటి పుస్తకంతో. 1960 జులై 6న ఒక అమెరికా వైమానిక దళ అధికారి ఆయనకు జాబు రాశాడు. అడుగు భాగం అంటార్కిటికాలోని ప్రిన్సెస్ మార్తా తీరాన్ని పోలి ఉందని అందులో ఉంది. ఆ జాబునే అందరూ చూపిస్తారు. పోలిక ఎలా కుదిరిందో మాత్రం అడగరు. పటాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్కేలు, ఒక్కో ఉత్తర దిక్కు పెట్టుకుంటే కుదిరింది. అలా పెట్టుకున్నాక కూడా దక్షిణ అమెరికా తీరంలో దాదాపు 1,450 కిలోమీటర్లు గల్లంతు. రెండు ఖండాల మధ్య ఉన్న డ్రేక్ జలసంధి అసలే లేదు. 800 కిలోమీటర్ల సముద్రం అది!

మీరే పరీక్షించుకోవచ్చు. ట్రేసింగ్ కాగితం మీద పటం అడుగు తీరం ఎత్తుకోండి. పక్కన ఇప్పటి అట్లాస్ పెట్టుకోండి. పోల్చే ముందే మలుపులు, నదీముఖాలు ఒక పది గుర్తించి అంకెలు వేయండి, తర్వాత మార్చకూడదు. స్కేలు ఒక్కటే, తిప్పడం ఒక్కసారే, చింపడం లేదు. దారం పెట్టి ఒక అంకె నుంచి ఇంకో అంకెకు దూరం కొలిచి, రెండు చోట్లా నిష్పత్తి రాసుకోండి. నిష్పత్తులు ఒకదానికొకటి పొంతన లేకపోతే పోలిక లేనట్టే. అంకెలు వేయకుండా కాగితం జరుపుతూ పోతే కాకినాడ తీరాన్ని కూడా అంటార్కిటికాకు అతికించొచ్చు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, ముందు కంటికి పోలిక దొరుకుతుంది, తర్వాత గుర్తులు వెతుక్కుంటారు.

ఇంకో సంగతి, దీన్ని నేను వదలను. 'మంచు కింద ఉన్న తీరం' అనే మాటే తప్పు. పడవ మీద బస్తాలు వేస్తే పడవ దిగుతుంది కదా? మూడు కిలోమీటర్ల మంచు బరువుకు కింది రాయి అలాగే దిగింది. మంచు సాంద్రత సుమారు 0.92, భూమి లోపలి పొర సాంద్రత సుమారు 3.3. మూడును 0.92తో గుణించి 3.3తో భాగించండి, 0.8 కిలోమీటరు పైనే వస్తుంది. మంచు తీసేస్తే రాయి మెల్లగా అంత పైకి లేస్తుంది, సముద్రమట్టమూ మారుతుంది. కాబట్టి ఇవాళ మంచు కింద యంత్రాలు కొలిచే రాతి అంచు, మంచు లేనప్పటి తీరం ఒకటి కానే కావు. రెండూ సరిపోయాయని ఎవరైనా అంటే ఆ పోలికే తప్పని తేలినట్టు. పైగా అక్కడి మంచు వయసు కోట్ల ఏళ్లు, సుమారు 3.4 కోట్లు. అప్పటికి పటం గీయడానికి మనిషే లేడు.

మరి తీరం తూర్పుకు ఎందుకు తిరిగింది? తోలు అయిపోయింది, బ్రెజిల్ కింది తీరాన్ని అంచు వెంబడి వంచి గీశాడన్నది ఒక మాట. దక్షిణాన పెద్ద నేల ఉండి తీరాలన్న పాత నమ్మకంతో గీశాడన్నది ఇంకో మాట. నాకు మొదటిదే నచ్చుతుంది.

అంత ఖచ్చితత్వం ఎలా వచ్చిందని అడుగుతారు. ఆఫ్రికా, బ్రెజిల్ నిజంగానే బాగా కుదిరాయి, కాదనను. అది ఓడ సరంగుల పని. దిక్సూచితో దిక్కు, వేగాన్ని గంటలతో హెచ్చవేసి దూరం. ఒక రేవు నుంచి ఇంకో రేవుకు ఇలా గీస్తూ పోతే మధ్యధరా సముద్రం చక్కగా వస్తుంది. 13వ శతాబ్ది చివర నుంచే అలాంటి పటాలున్నాయి. వాటి లోపమే వాటి పుట్టుక చెబుతుంది. చాలా పటాల్లో మధ్యధరా తూర్పు కొస దాదాపు పది డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. అప్పట్లో అయస్కాంతపు ముల్లు అసలు ఉత్తరానికి అంత కుడిగా నిలిచేది మరి.

టాలెమీ అన్నాను కదా, ఆయన మనకు పరాయివాడు కాదు. సుమారు క్రీ.శ. 150లో ఆయన రాసుకున్న పట్టికలో మన ఆంధ్ర తీరపు మైసోలియా ఉంది, కొంటకొస్సిలా ఉంది. రెండోది మన కృష్ణా జిల్లా ఘంటసాల. ఒక్కో ఊరికి అక్షాంశం, రేఖాంశం లెక్కకట్టి ఇచ్చాడు. తీరా గీస్తే దక్కన్ అణిగిపోయి, సింహళం ఉబ్బిపోయింది. అంకె ఖచ్చితంగా ఉంటే కొలత ఖచ్చితమనుకునే మనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మిగతా రెండూ పరుగు మీద చెప్పేస్తాను. ఫ్రెంచి గణితవేత్త ఫినే 1531లో గీసిన పటంలో దక్షిణ ఖండం చాలా పెద్దది, ఇప్పటి అంటార్కిటికాను దానితో కలపాలంటే కుదించాలి, తిప్పాలి. 1520లో మాగెల్లన్ జలసంధి దాటుతూ దక్షిణాన చూసిన నేలను ఖండపు అంచు అనుకున్నారు, దాన్నే పెంచి గీశారు. కొత్తగా దొరికింది, ఇంకా పూర్తిగా తెలియదు అని ఫినే దాని మీదే లాటిన్‌లో రాశాడు. మళ్లీ అదే గోడు!

విన్‌లాండ్ సంగతి వేరు. కొలంబస్‌కు ముందే వైకింగులు అనే ఉత్తర ఐరోపా నావికులు చేరిన అమెరికా తీరమని చూపిన పటం అది, కానీ దొంగ పటం. తోలు అసలుదే, 15వ శతాబ్దిది. సిరా దగ్గర దొరికిపోయింది. పాతకాలపు సిరాలో ఇనుము ఉండాలి, ఇందులో టైటానియం ఉంది. టైటానియంతో చేసే ఆ రంగు 1920ల నుంచే తయారైంది. 1970ల్లో మక్రోన్ అనే సూక్ష్మదర్శిని నిపుణుడు ఈ మాట అంటే ఏళ్ల తరబడి తగవులాడారు. చివరికి 2021లో యేల్ విశ్వవిద్యాలయమే ఒప్పుకుంది, గీతలన్నిటిలోనూ టైటానియమేనని. వైకింగులు అమెరికా వెళ్లిన మాట మాత్రం నిజమే. అది న్యూఫౌండ్‌లాండ్‌లో, లాన్స్ ఓ మెడోస్ దగ్గర తవ్వకాల్లో తేలింది, పటంతో పని లేకుండా.

పీరీ దగ్గరికే మళ్లీ. చిరిగిపోయిన కుడి ముక్కలోనే హింద్ ఉండేది. ఒక అరబ్బు పటం, నాలుగు పోర్చుగీసు పటాలు ముందు పెట్టుకుని గీసిన హింద్. మన రేవులు అందులో ఉన్నాయో లేదో, ఉంటే ఏ పేరుతో ఉన్నాయో చూసే వీల్లేదు. పోయింది.

1528లో ఆయన ఇంకో ప్రపంచ పటం గీశాడు. దానిలోనూ ఒక మూలే మిగిలింది, గ్రీన్‌లాండ్ నుంచి ఫ్లోరిడా దాకా. ఆ నకలు కూడా అదుగో, తలుపు పక్కన వేలాడుతోంది. టీకి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. పదిహేనేళ్ల తర్వాత గీసిన ఆ పటంలో క్యూబా ద్వీపంగా ఉంది. హిస్పానియోలా పడుకుంది.