టాప్ దించిన కారులో వెనక స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? పాత మియాటాలో పెట్టి చూపిస్తా

[తెర మీద: హైవే. టాప్ దించిన ఎర్ర మియాటా, లోపలి నుంచి తీసిన దృశ్యం. గాలి హోరు. ఎనిమిది సెకన్లు మాటల్లేవు.]

విన్నారు కదా. ఆ హోరులో ఒక పాట ఉంది. ఒట్టు, ఉంది. వాల్యూమ్ ముప్పావు వంతు దాటించాను. డోర్లలో ఉన్న రెండు స్పీకర్లు పాపం గొంతు చించుకుంటున్నాయి. నాకు మాత్రం దరువులో సగం, గాలి మొత్తం వినపడింది. పాడేది ఆడో మగో కూడా తెలీలేదు.

[గ్యారేజీ. కారు పక్కన నిలబడి.]

నమస్కారం, డాలస్‌లో మా గ్యారేజీకి రండి. ఇవాళ ఈ బండికి వెనక స్పీకర్లు పెడుతున్నాం.

వెనక స్పీకర్లు అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆటో. సీటు వెనకాల రెండు బాక్సులు, వాటి చుట్టూ రంగు లైట్లు. కూర్చున్నవాళ్ళ వీపు అదురుతూ ఉంటుంది. ఆటో కూడా ఓపెన్ బండే కదా, మరి అందులో వినపడే పాట ఇందులో ఎందుకు వినపడదు? ఒకటి, ఆటో గంటకు 40 కిలోమీటర్లలో పోతుంది, హైవే మీద మనం 60 మైళ్ళలో, అంటే దాదాపు 97 కిలోమీటర్లలో పోతాం. రెండు, ఆటోలో బాక్సు మన వీపుకి ఆనుకుని ఉంటుంది. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. ఈ వీడియో అంతా దాని మీదే నడుస్తుంది.

బండి గురించి రెండు ముక్కలు. మాజ్డా ఎమ్‌ఎక్స్-5, అమెరికాలో అందరూ మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. ఇండియాలో కంపెనీ అమ్మలేదు కాబట్టి మన ఊళ్ళలో కనపడదు. ఇక్కడ ఉద్యోగానికి వచ్చి, ఇల్లు కొని, పిల్లలు కాస్త పెద్దయ్యాక "నాకంటూ ఒక బండి" అనుకునేవాళ్ళకి సెకండ్ హ్యాండ్‌లో ఇది మంచి బొమ్మ. నాది 1993 మోడల్, 1.6 లీటర్ ఇంజిన్. హెడ్‌లైట్లు మూత తెరుచుకుని పైకి లేస్తాయి. అందులో ఎడమది కాస్త బద్ధకంగా లేస్తుంది. దాని సంగతి ఇంకో వీడియోలో.

రెండే సీట్లు. సీట్ల వెనక జానెడు జాగా, ఆ వెనక టాప్ మడత పడే గుంట. సమస్యంతా ఇక్కడే.

[కెమెరా సీట్ల వెనక షెల్ఫ్ మీదికి.]

నాలుగు సీట్ల కన్వర్టిబుల్ అయితే ఈ గొడవ లేదు. మస్టాంగ్ లాంటి దాంట్లో వెనక సీటు పక్క ప్యానెళ్ళలో చోటుంటుంది. ఇందులో ఆ ప్యానెలే లేదు. అందుకని అందరి కన్నూ ముందు ఈ షెల్ఫ్ మీద పడుతుంది. నా కన్నూ పడింది. రెండేళ్ళ కిందట ఆరుంతొమ్మిది అంగుళాల స్పీకర్ బాక్సులు ఒక జత కొని, ఇక్కడ పెట్టి, బెల్టులు బిగించి, మురిసిపోయాను. వారం తర్వాత టాప్ దించితే టాప్ పూర్తిగా పడలేదు. ఈ తరం మియాటాకి వెనక కిటికీ గాజు కాదు, మెత్తటి ప్లాస్టిక్. ముందు జిప్ తీసి ఆ ప్లాస్టిక్‌ని పడుకోబెట్టి, తర్వాత టాప్ దించాలి. అది పడుకునే చోట నా బాక్సులు కూర్చున్నాయి. నేను బలంగా నొక్కాను. ప్లాస్టిక్ మీద అడ్డంగా పడిన ఆ గీత ఇదిగో, ఇప్పటికీ ఉంది. అద్దంలో చూసినప్పుడల్లా వెనక వచ్చే కారు రెండు ముక్కలుగా కనపడుతుంది.

బాక్సులు వద్దు, షెల్ఫ్‌కే కన్నాలు కొడతాం అంటారా? డ్రిల్ కింద పెట్టండి. దయచేసి.

[కార్పెట్ ఎత్తి, ఇనప ప్లేటు చూపిస్తూ.]

ఈ కార్పెట్ కింద ఒక ప్లేటు, దాని కింద పెట్రోల్ ట్యాంకు. ఫ్యూయల్ పంపు మార్చాలన్నా ఈ దారినే చెయ్యి పెడతారు. మీ స్క్రూ పొడుగ్గా ఉంటే ఎక్కడ దిగుతుందో మీ ఊహకే వదిలేస్తున్నా. ఈ రెండు మూలల్లో, సీటు బెల్టు స్తంభాల వెనక, వాన నీళ్ళు కిందికి పోయే గొట్టాలు ఉన్నాయి. టాప్ మీద పడిన నీళ్ళు వీటిలోంచే పోవాలి. వైరు లాగేటప్పుడు వీటికి అడ్డం పెట్టినా, చెత్త పేరుకున్నా, ఆ నీళ్ళు సీట్ల వెనక చేరతాయి. కొన్నాళ్ళకి కార్పెట్ ముక్కిన వాసన, ఆ తర్వాత తుప్పు.

మరి ఎక్కడ? ఇదిగో, ఇక్కడ.

[సీటు హెడ్‌రెస్ట్ మీద చెయ్యి వేసి తడుతూ.]

తల ఆనే చోట. చెవి పక్కన. ఇది నా తెలివి కాదు. ఈ తొలితరం మియాటాల్లో కొన్నిటికి కంపెనీయే హెడ్‌రెస్ట్ స్పీకర్లు పెట్టి ఇచ్చింది. ఇప్పుడొచ్చే నాలుగో తరం బండికీ బోస్ సిస్టమ్ తీసుకుంటే తొమ్మిది స్పీకర్లు వస్తాయి, వాటిలో కొన్ని రెండు సీట్ల హెడ్‌రెస్ట్‌లలోనే ఉంటాయి. ఎప్పుడో పెట్టినవాళ్ళు ఇప్పటికీ అక్కడే పెడుతున్నారంటే కారణం లేకపోలేదు.

కారణం దూరం. టేపు పెట్టి కొలిచాను. డోర్ స్పీకర్ నుంచి నా చెవికి 90 సెంటీమీటర్లు. హెడ్‌రెస్ట్ నుంచి 15. అంటే ఆరు రెట్లు దగ్గర. ఆరుబయట శబ్దం దూరం వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. ఆరు ఆర్ల ముప్పై ఆరు. డోర్ స్పీకర్‌కి 36 వాట్లు పోసి తెచ్చే మోత, అంతే సామర్థ్యం ఉన్న స్పీకర్ చెవి పక్కన ఒక్క వాటుతో తెస్తుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 15కి కాస్త పైన. మూసిన కారులో గోడలు, పైకప్పు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి ఈ లెక్క ఇంత కచ్చితంగా ఉండదు. టాప్ దించాక పైన ఆకాశమే కదా, లెక్క బాగా దగ్గరికొస్తుంది. చిన్న స్పీకర్ పెద్దదాని అంత సమర్థంగా ఉండదు, అందులో కొన్ని డెసిబెల్స్ పోతాయి. పోయినా మనకే లాభం.

ఇంకోటి. గాలి హోరు పుట్టేది కూడా ఇక్కడే. ముందు అద్దం మీంచి దూకిన గాలి వెనక సుడి తిరిగి, సీట్ల మధ్యనుంచి ముందుకి వస్తుంది. అందుకే టాప్ దించి నడిపితే ముఖానికి కాదు, మెడ వెనక చలేస్తుంది. చెవి పక్కన పుట్టే హోరుని మోకాలి దగ్గరున్న స్పీకర్‌తో గెలవాలంటే ఎంత అరిపించాలి! పని చేసే చోట చెవికి హద్దు 85 డెసిబెల్స్, అదీ ఎనిమిది గంటలకి, అని అమెరికాలో నియోష్ సంస్థ చెబుతుంది. పైన మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగం. 94 దగ్గర గంటే. హైవే మీద వాల్యూమ్ తిప్పే ముందు ఈ అంకె ఒకసారి తలుచుకోండి.

[బెంచీ మీద సామాను.]

సరే, పని. రెండున్నర అంగుళాల స్పీకర్లు నాలుగు. ఒక్కోటి 8 ఓమ్‌లు, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు. ఈ 8 ఎందుకో చెప్తాను. కోన్ కాగితంది కాదు, ప్లాస్టిక్ జాతిది, అంచు రబ్బరు. టాప్ లేని బండికి ఎప్పుడో ఒకప్పుడు వాన తప్పదు. 18 గేజ్ వైరు, గుడ్డ టేపు. మామూలు నల్ల టేపు వద్దు, టెక్సస్ ఎండకి దాని జిగురు కారి వైరంతా బంకబంక అవుతుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. బానెట్ ఎత్తి వెతక్కండి, ఈ బండిలో బ్యాటరీ డిక్కీలో కుడి మూల ఉంటుంది. తర్వాత సీటుకి నాలుగు బోల్టులు. సీటు ఎత్తే ముందు కింద చెయ్యి పెట్టి ఏమన్నా కనెక్టర్ ఉందేమో తడమండి, ఉంటే విడదీసి అప్పుడు ఎత్తండి.

ఒక గట్టి మాట. నాది 1993 కాబట్టి సీట్లో ఎయిర్‌బ్యాగ్ లేదు. మూడో తరం నుంచి సీటు పక్కల్లో ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటాయి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనపడితే ఈ వీడియో మీకు కాదు. తెలిసినవాళ్ళ చేత చేయించుకోండి.

[సీటు బోర్లా పడుకోబెట్టి. దగ్గర నుంచి.]

ఇక్కడ చూడండి. హెడ్‌రెస్ట్ వెనక జిప్. ముప్పై ఏళ్ళ జిప్, ఒక్కసారి లాగితే పళ్ళు ఊడతాయి. నేను కొవ్వొత్తి మైనం రుద్ది, అంగుళం ముందుకి అర అంగుళం వెనక్కి, అలా బుజ్జగించి తీశాను. లోపల ఫోమ్ పసుపు నుంచి గోధుమ రంగుకి తిరిగింది, గిల్లితే రవ్వలా రాలుతోంది. నా సీట్లలో ఫోమ్‌కి ముందే రెండు గూళ్ళు ఉన్నాయి, స్పీకర్లు రాని బండి అయినా సరే. మీ దాంట్లో లేకపోతే వెంటనే ఫోమ్ కోసెయ్యకండి, ముందు కొలవండి. స్పీకర్ గూట్లో కూర్చున్నాక ముందు నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కండి. గట్టి వస్తువేదీ వేలికి తగలకూడదు. హెడ్‌రెస్ట్ ఉన్నది వెనక నుంచి ఎవడైనా గుద్దితే మన మెడ కాపాడటానికి. పాట ఆ తర్వాతే.

ఎడమ చెవి వైపు ఎడమ ఛానెల్, కుడి చెవి వైపు కుడి ఛానెల్, రెండు సీట్లలోనూ ఇంతే. ఎడమ సీటుకి ఎడమ, కుడి సీటుకి కుడి అని కొందరు కలిపేస్తారు. అలా చేస్తే మీకు వీణ, మీ ఆవిడకి మృదంగం వినపడతాయి.

ఇప్పుడు ఆ 8 సంగతి. ఒక్కో ఛానెల్‌కి రెండు స్పీకర్లు వచ్చాయి. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు అవుతుంది. చాలా హెడ్ యూనిట్లు, అంటే డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియోలు, 4 కంటే కిందికి ఓర్చుకోవు, వేడెక్కి ఆగిపోతాయి. సిరీస్‌లో కలిపితే 8 అవుతుంది గానీ ఒకటి పోతే రెండోదీ మూగబోతుంది. 8 ఓమ్‌లవి రెండు సమాంతరంగా పెడితే నిక్షేపంలా 4. డబ్బా మీద "50 వాట్లు, నాలుగు ఛానెళ్ళు" అని ఉంటుంది, అది చూసి ఉప్పొంగకండి. ఇంజిన్ నడుస్తుంటే వచ్చేది 14 వోల్టులు. ఆ వోల్టుతో 4 ఓమ్‌లలోకి శుభ్రంగా వెళ్ళేది 25 వాట్లు దాటదు. మనకి చెవి దగ్గర ఒకటో రెండో చాలు కాబట్టి యాంప్లిఫయర్ కొనలేదు.

ఇంత చిన్న స్పీకర్‌కి బేస్ పంపితే చిరిగిపోతుంది. నా హెడ్ యూనిట్‌లో వెనక ఛానెళ్ళకి 200 హెర్ట్జ్ కింద కోసేసే సెట్టింగ్ ఉంది. మీ దాంట్లో లేకపోతే ప్రతి స్పీకర్ ప్లస్ వైరులో 100 మైక్రోఫారడ్ నాన్-పోలార్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. 8 ఓమ్‌లకి సరిగ్గా 200 దగ్గరే కోత మొదలవుతుంది.

[ఏఏ బ్యాటరీతో వైరు తాకిస్తూ, స్పీకర్ కోన్ దగ్గర నుంచి.]

జిప్ మూసే ముందు ఈ పరీక్ష. ఒకటిన్నర వోల్టుల సెల్. ప్లస్‌కి ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి. టప్. చూశారా? లోపలికి పోతే తిరగేసినట్టు. నేను మొదటిసారి ఈ పరీక్ష చేయకుండా ఒక సీటు మూసేశాను. అందులో ఒకటి తిరగబడింది. పాట వింటే గాయకుడి గొంతు నడిమిట్లోంచి మాయమై, తలకి రెండు పక్కలా వెనకెక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. మా బావమరిది కూర్చుని, "బావా, ఆయన డిక్కీలో ఇరుక్కున్నాడా ఏంటి?" అన్నాడు. మళ్ళీ జిప్, మళ్ళీ మైనం.

సీటు కింద వైరుకి బారెడు వదులు ఉంచి, సీటు పూర్తిగా ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. సీటు జరిగే పట్టాలో వైరు నలిగితే ఆర్నెల్లకి షార్ట్. బోల్టులు టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంత బిగించండి. అది సీటు, కుర్చీ కాదు.

[హెడ్ యూనిట్ తెర.]

ఇక ట్యూనింగ్. చాలామంది ఇక్కడే చెడగొడతారు. రెండు శబ్దాలు ఒకేలా వస్తే ముందు చేరినదాని వైపే ఉందని చెవి అనుకుంటుంది. హెడ్‌రెస్ట్ దగ్గర కాబట్టి అదే ముందు చేరుతుంది, కచేరీ అంతా మీ మెడ వెనక జరుగుతుంది. డోర్‌కీ హెడ్‌రెస్ట్‌కీ తేడా 75 సెంటీమీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే రెండు మిల్లీసెకన్లకి కాస్త పైన. వెనక ఛానెళ్ళకి నేను మూడు మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాను, పాట డ్యాష్‌బోర్డు మీదికి జరిగింది. టాప్ వేసి ఉన్నప్పుడు ఫేడర్, అంటే ముందు వెనక స్పీకర్లకి మోత పంచే సెట్టింగ్, బాగా ముందుకి, వెనకవి ఉన్నాయో లేవో అన్నట్టు. టాప్ దించాక రెండు మూడు మెట్లు వెనక్కి.

[హైవే. అదే దారి, అదే పాట. వాల్యూమ్ అంకె తెర మీద, మొదటిదానికంటే తక్కువ.]

మాట స్పష్టంగా తెలుస్తోంది కదా. బేస్ మాత్రం ఇప్పటికీ లేదు, అది ఈ స్పీకర్ల వల్ల అయ్యే పనీ కాదు. డోర్లలో కన్నాలు మూసి, లోపల మందపు షీటు అంటిస్తే కొంత వస్తుంది. కోన్ ముందు శబ్దం, వెనక శబ్దం కలిసి ఒకదాన్నొకటి తినేయడం ఆగుతుంది. నేనైతే సీట్లు అయ్యాకే ఆ పని పెట్టుకుంటాను.

ఆటోకీ దీనికీ ఒక తేడా ఉంది. దీని పాట పక్కవాళ్ళకి పోదు. నిన్న సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగాను, పాట బాగానే నడుస్తోంది. పక్క ట్రక్కు పెద్దాయన అద్దం దించి నా వైపు వంగాడు. సౌండ్ తగ్గించమంటాడేమో అని నా చెయ్యి వాల్యూమ్ మీదికి పోయింది. ఆయన నవ్వి, వేలితో బానెట్ వైపు చూపించాడు.

ఎడమ హెడ్‌లైట్ లేవలేదు.

[తెర మీద: ఒకే కన్ను తెరిచిన మియాటా.]