లారీ ఆగిన చోట

అందరికీ నమస్కారం. సప్లయ్ చైన్‌లో, అంటే సరుకు పుట్టిన చోటు నుంచి వాడేవాడి దాకా చేరే దారిలో, కొత్త పోకడల గురించి మాట్లాడమని మీ కామర్స్ మేడమ్ గారు పిలిచారు. నేను ఈ ఒడిశా బరంపురంలో ముప్ఫై యేళ్ళ పైచిలుకు లారీ బుకింగ్ ఆఫీసు నడిపినవాణ్ణి. పోకడలు మీ పుస్తకాల్లో నాకంటే బాగా రాసుంటాయి. నాకు తెలిసిన విద్య ఒక్కటే, బండి ఎక్కడ ఆగిందో కనుక్కోవడం. ట్రంకాల్ రోజుల్లో పార్టీ, అంటే సరుకు వేసిన షావుకారు, అడిగేది "బండి ఎక్కడుందండీ?" అనే. జీపీఎస్ వచ్చాక కూడా అదే అడుగుతున్నాడు. చుక్క కనిపిస్తోంది కదా, అది ఎందుకు కదలడం లేదో ఫోను చెప్పదు.

1936 ఏప్రిల్ 1 దాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ తర్వాత ఇచ్ఛాపురానికీ మనకీ మధ్య రాష్ట్రాల గీత పడింది. అటు పురుషోత్తపురంలో ఆంధ్రా చెక్‌పోస్టు, ఇటు గిరిసోలలో ఒడిశా చెక్‌పోస్టు. భీమవరం, కైకలూరు వైపు నుంచి చేపల లారీలు వచ్చి అక్కడ బారులు తీరేవి. ఐసు కరిగి బండి కింద నీళ్ళు కారేవి. రోడ్డు మీద మడుగు ఎంత ఉందో చూసి మా క్లీనర్ కుర్రాళ్ళు ఆ బండి ఎంతసేపటి నుంచి నిలబడిందో చెప్పేసేవారు. గడియారం అక్కర్లేదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, ఆ చెక్‌పోస్టుల్లో అమ్మకం పన్ను గేట్లు లేచిపోయాయి. ఇది మామూలు మార్పు కాదు, లారీవాడిగా చెబుతున్నాను. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోలు దగ్గర చిల్లర గొడవా తగ్గింది. మరి ఆగడం పోయిందా? పోలేదు బాబూ, చోటు మారింది.

ముందు కాగితం సంగతి. 50 వేల రూపాయల విలువ దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు ఉండాలి, అంటే ఏ సరుకు ఏ బండిలో ఎక్కడికి పోతోందో ఆన్‌లైన్లో తీసుకునే కాగితం. అప్పట్లో వంద కిలోమీటర్లకు ఒక రోజు గడువిచ్చేవారు. 2021 జనవరి నుంచి రెండు వందలకు ఒక రోజు చేశారు. అంటే బండి రోజుకి రెండు వందలైనా నడవాలని లెక్క. టైరు పేలినా, వరదొచ్చినా గడువు దాటే ఎనిమిది గంటల ముందు నుంచి దాటిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. ఒకసారి పలాస జీడిపప్పు కటక్‌కి వేశాం, దసరా ముందు. మా గుమాస్తా బండి నంబరులో 3 బదులు 8 కొట్టాడు. తప్పు మాదే. దారిలో ఆపారు. ఒకటి రెండు అంకెల తప్పయితే వెయ్యి రూపాయల జరిమానాతో వదలమని 2018 సెప్టెంబరు 14 సర్క్యులర్ చెబుతోంది. ఆ కాగితం పట్టుకుని నేను వెళ్ళి చూపించేసరికి ఒకటిన్నర రోజు అయింది. జరిమానా వెయ్యే. పండగ బేరం పోయిందని పార్టీ కోసుకున్నది దానికి ఎన్నో రెట్లు.

ఇక ఆగడం ఎక్కడికి మారిందంటే, గోడౌను గేటుకి. పెద్ద గోడౌన్ల బయట చూడండి. టోకెను రాలేదంటారు, హమాలీలు భోజనానికి వెళ్ళారంటారు, సిస్టమ్ డౌనంటారు. డ్రైవరు బండి నీడలో స్టవ్వు పెట్టుకుని అన్నం వండుకుంటూ ఉంటాడు. 2025లో కొత్త లారీల క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. కానీ మే నెలలో గేటు దగ్గర నిలబడినప్పుడు ఇంజను కట్టేస్తాడు, డీజిల్ లెక్క చెప్పుకోవాలి కదా. ఇంజను ఆగితే ఏసీ ఎక్కడిది? కొత్త కుర్రాళ్ళు ఈ పనికి ఎందుకు రావడం లేదని సభలు పెడుతున్నారు. ఒక మధ్యాహ్నం ఆ గేటు దగ్గర కూర్చుంటే తెలిసిపోతుంది.

బండిని ఆపి ఉంచినందుకు ఇవ్వాల్సిన హాల్టింగ్ చార్జీ అని బిల్టీ మీద, అంటే మేమిచ్చే సరుకు రసీదు మీద, అచ్చేసి ఉంటుంది. నేను వసూలు చేసింది తక్కువ, వదులుకున్నది ఎక్కువ. గట్టిగా అడిగితే మళ్ళీ లోడు ఇవ్వరు. దేశం మొత్తం మీద రవాణా, నిల్వ ఖర్చు జీడీపీలో 13, 14 శాతమని చాలాకాలం చెప్పారు. 2025లో వచ్చిన లెక్క 7.97 అంటోంది. మంచిదే. గేటు బయట డ్రైవరు పోగొట్టుకున్న పూట ఏ గడిలో వేశారో మీరు చదివి నాకు చెప్పాలి.

ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో 2024లో మన వంటింట్లోనే చూశాం. బెంగాల్ ప్రభుత్వం బంగాళాదుంపలు బయటికి పోకూడదంది. లారీలు సరిహద్దులో ఆగిపోయాయి, ఇక్కడ దుంప ధర కొండెక్కింది. ఉత్తరప్రదేశ్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. దుంప బెంగాల్‌ది, చేప ఆంధ్రాది. ఒడిశా ఇంటి కూర రెండు సరిహద్దుల మీద ఉడుకుతోంది. రొయ్యలవాళ్ళదీ అదే తంతు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్ళే సరుకు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. పదిరోజులకు పైగా కంటెయినరు నీళ్ళ మీదే.

పది నిమిషాల డెలివరీ గురించి మీ అబ్బాయిలు అడుగుతారని తెలుసు. పది నిమిషాల్లో వచ్చిందంటే ఆ సరుకు మీ వీధి చివర ముందే వచ్చి కాచుకుని ఉందన్నమాట. అక్కడ దాని అద్దె ఎవరో కడుతున్నారు. ఇంతకంటే నాకు తెలియదు.

ప్రాజెక్టు వర్కు ఏం చెయ్యాలని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. మా ఆఫీసు అటక మీద పాత బిల్టీల కట్టలున్నాయమ్మా, చెదలు పట్టనివి. వచ్చి చూసుకో. ముందువైపు సరుకు, బరువు, కిరాయి ఉంటాయి. వెనక్కి తిప్పితే కొన్నింటి మీద డ్రైవర్లు పెన్సిలుతో తెలుగులోనో, ఒడియాలోనో గేటుకి వచ్చిన వేళ, లోపలికి వెళ్ళిన వేళ రాసుకున్నారు. ఆ రెండింటికీ మధ్య ఎంతో కూడి చూడు. ఆదివారాలు నేను అక్కడే ఉంటాను.