మేక డొక్క ఉబ్బిందా? నూనె ఎప్పుడు, సోడా ఎప్పుడు, ఎలా తాగించాలి

(దృశ్యం: మేకను వెనక నుంచి చూపాలి. ఎడమ డొక్క ఉబ్బి ఉంది, కుడి డొక్క మామూలుగా ఉంది.)

వెనక నిలబడి చూడండి. ఎడమ డొక్క వెన్ను ఎత్తుకు లేచింది. మేక పెద్ద పొట్ట ఎడమ వైపే ఉంటుంది కాబట్టి గ్యాసు చేరితే ముందు ఇక్కడే తెలుస్తుంది. నెమరు ఆగిపోయింది, పళ్లు కొరుకుతోంది, పడుకుంటోంది, లేస్తోంది. ఇలాంటప్పుడు కంగారులో చేతికందింది గొంతులో పోసేస్తుంటారు. ఒక్క నిమిషం ఆగండి. డొక్క తట్టి చూడండి, నిన్నటి నుంచి ఏం తిన్నదో గుర్తు చేసుకోండి. ఆ రెండూ తెలిస్తేనే మందు ఏదో తేలుతుంది.

(దృశ్యం: వేళ్లతో డొక్క తట్టడం దగ్గర నుంచి. చప్పుడు వినిపించాలి.)

డప్పు మోగినట్టు మోగితే కడుపుబ్బరం. మంచు ఆరకముందే పచ్చి అలసందలో, పిల్లిపెసరలో, లూసర్న్‌లో పడి ఆబగా మేసిన మేకకు వచ్చేది ఇదే. లోపల గ్యాసు నురగలో చిక్కుకుంటుంది, త్రేనుపుగా బయటికి రాదు.

డొక్క అంత బిగువుగా లేకుండా, పిడికిలితో నొక్కి వదిలితే లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడైతే అది గింజ తిన్న మేక. కోవూరు, బుచ్చి వైపు వరి కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం, నూకలు, మొక్కజొన్న... ఏదైనా ఒకటే. పిండి పదార్థం పొట్టలో పులిసి ఆమ్లం అవుతుంది. మొదటి కొన్ని గంటలు మేక బాగానే కనిపిస్తుంది, మోసమంతా అక్కడే ఉంది. 12 నుంచి 24 గంటల్లో నీరసపడి, పుల్లటి వాసనతో పారుకుంటుంది.

ముద్దలా ఉండి, వేలితో నొక్కిన గుంట అలాగే నిలిస్తే మేత గట్టిపడి అడ్డుపడిందన్నమాట. ఎండాకాలంలో కనిగిరి, ఉదయగిరి వైపు సర్కారు తుమ్మ కాయలే కడుపు నింపుకునే జీవాల్లో ఈ ఇబ్బంది చూస్తాం. ప్లాస్టిక్ సంచులు మింగినా ఇంతే. దీనికి ఇంటి వైద్యం వద్దు, డాక్టరుకు చూపించండి.

(దృశ్యం: కొలిచే గ్లాసులో వేరుశనగ నూనె.)

డప్పులా మోగే కడుపుబ్బరానికి నూనె. 25, 30 కిలోల మేకకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె గానీ నువ్వుల నూనె గానీ చాలు. నూనె నురగను విరుస్తుంది. తాగించాక ముందు కాళ్లు మెట్టు మీద పెట్టించి ఎడమ డొక్కను మెత్తగా రుద్దండి. వేలంత లావు వేప పుల్లను నోట్లో అడ్డంగా పెట్టి, తాడుతో కొమ్ముల వెనక కట్టండి. పుల్లను నములుతుంటే లాలాజలం ఊరుతుంది, త్రేనుపులు వస్తాయి. కిరసనాయిలు, టర్పెంటైన్ మాత్రం కలపకండి.

గింజ తిన్న మేకకు వంట సోడా. కిలో బరువుకు ఒక గ్రాము లెక్క. 25 కిలోల మేకకు సమంగా గీసిన 5 టీ చెంచాలు, అర లీటరు గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరగాలి. మేక ఎక్కువ గింజ తిన్నదని తెలిసిన వెంటనే ఇవ్వండి, పారుడు మొదలయ్యేదాకా చూడొద్దు. ఒక జాగ్రత్త: డొక్క అప్పటికే డప్పులా బిగిసి ఉంటే సోడా వద్దు. ఆమ్లంతో కలిసినప్పుడు సోడా కూడా గ్యాసే పుట్టిస్తుంది. ఆ రోజంతా గింజ, తవుడు, గంజి ఆపేసి ఎండు మేత మాత్రమే వేయండి.

(దృశ్యం: టేపుతో ఛాతీ చుట్టుకొలత, తర్వాత పొడవు.)

బరువు కంటితో అంచనా వేస్తే పొరపాటు పడతాం. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, తర్వాత పొడవుతో గుణించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 27 చుట్టుకొలత, 26 పొడవు అయితే దాదాపు 28 కిలోలన్నర. నట్టల మందుకూ ఇదే లెక్క పనికొస్తుంది. మందు తగ్గించి పోస్తే నట్టలు చావవు, ఆ మందుకు అలవాటు పడతాయి. చూలు మేకకు మొదటి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు ఇవ్వకూడదు, ఇది మరిచిపోకండి.

(దృశ్యం: గోడ మూలలో నిలబెట్టిన మేక, పక్కన మనిషి. సూది తీసేసిన సిరంజి.)

ఇప్పుడు అసలు పని. మందు సరైనదే అయినా తాగించడం తప్పితే మేక దక్కదు.

మేకను నిలబెట్టి, వెనక్కి పోకుండా గోడ మూలకు చేర్చండి. ఎడమ చేయి దవడ కింద పెట్టండి. మూతి నేలకు సమాంతరంగా ఉండాలి, అంతకంటే పైకి లేపొద్దు. తల ఎత్తితే మింగడం కష్టమై, మందు ఊపిరి గొట్టంలోకి జారుతుంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య చిగురు ఖాళీగా ఉండే చోటు ఉంది, చూడండి. పెదవి మూల నుంచి సిరంజి అక్కడ దూర్చి నాలుక మీదికి పోనివ్వండి. నాలుక పట్టి లాగొద్దు, లాగితే మింగలేదు. 10, 15 మిల్లీలీటర్లు వదలండి, గుటక పడేదాకా ఆగండి, మళ్లీ వదలండి. మేక పిల్లలకైతే ఒక్కోసారి 5 మిల్లీలీటర్లే. అర లీటరు సోడా నీళ్లకు చాలాసేపు పడుతుంది, పట్టనివ్వండి. వెదురు గొట్టం వాడేవాళ్లు అంచు నున్నగా ఉందో లేదో తడిమి చూసుకోండి.

పొలమారి దగ్గిందా? వెంటనే తల వదిలేయండి, తనే కిందికి దించుకుంటుంది. నూనెతో మరీ జాగ్రత్త. అది గొంతులో గరగరలాడదు, ఊపిరితిత్తుల్లోకి పోయినా ఒక్కోసారి దగ్గు కూడా రాదు. పడిపోయిన మేకకు, అరుస్తున్న మేకకు నోట్లో ఏదీ పోయకండి.

(దృశ్యం: ధర్మామీటరు, తర్వాత కింది రెప్ప లోపలి రంగు.)

పారుకునే మేకకు మనుషులకు విరేచనాలు ఆపడానికి వాడే మాత్రలు వేయొద్దు. నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్ పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులను చంపేస్తుంది. లీటరు నీళ్లలో సమంగా గీసిన 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. జ్వరం చూడండి. 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. అంతకు మించి, ముక్కు కారుతూ, నోట్లో పుండ్లుంటే అది అజీర్ణం కాకపోవచ్చు, పీపీఆర్ (మేకలకు, గొర్రెలకు వచ్చే అంటురోగం) అనుమానించి ఆ మేకను మందలోంచి వేరు చేయండి. కింది రెప్ప లోపల తెల్లగా పాలిపోతే నట్టలు రక్తం పీలుస్తున్నాయేమో చూడాలి.

నూనె పట్టాక డొక్క తగ్గకుండా ఇంకా బిగుస్తున్నా, మేక నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి, పశువైద్యశాల దగ్గరైతే నేరుగా తీసుకెళ్లండి. గంటల్లో ప్రాణం పోయే స్థితి అది. మందు పట్టిన ఒకటి రెండు రోజుల్లో దగ్గు, జ్వరం, ఆయాసం కనిపిస్తే ఏ మందు, ఎంత, ఏ వేళకు పట్టారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.