హోరు తగ్గి రాగం పలికితే

శ్రోతలకు నమస్కారం.

హెవీ మెటల్ అనే హోరు పాశ్చాత్య సంగీతం పేరెత్తగానే మన తిరుపతిలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లు "ఏం అరుపులురా అవి, సౌండు తగ్గించు" అంటారు. ఆ పెద్దవాళ్లకు కూడా వినిపించదగిన మెటల్ పాట ఒకటుంది.

అమెరికాకు చెందిన మెటాలికా బృందం 1980లలో వేగానికి పెట్టింది పేరు. 1988లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో ఒక పాటైతే తొమ్మిది నిమిషాలు దాటుతుంది. వేదికమీద అంతంత పొడవు పాటలు వాయించడం చివరికి వాళ్లకే భారమైంది. తర్వాతి ఆల్బమ్‌కి బాబ్ రాక్ అనే ప్రొడ్యూసర్‌ను పిలిచారు. విడివిడిగా రికార్డు చేసుకునే అలవాటు మాన్పించి, ఆయన నలుగురినీ కలిసి వాయించమన్నాడు. పాటలు చిన్నవయ్యాయి, వేగం తగ్గింది. గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ అరుపు తగ్గించి పాడటం మొదలుపెట్టాడు. 1991 ఆగస్టులో వచ్చిన ఆ ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

నేను చెప్పే పాట అందులోదే, 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్'. హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ, రెండో చేత్తో గిటార్ మీటుతుంటే పుట్టిన వరస అది. తీగలు నొక్కడానికి చెయ్యి ఖాళీ లేదు, అందుకే మొదట్లో వినిపించేవన్నీ నొక్కని తీగలే. ఇది మరీ సొంత విషయమని, బృందానికి వినిపించడానికే ఆయన వెనకాడాడు. మన ఎస్వీ సంగీత కళాశాల విద్యార్థులు వింటే ఎక్కువభాగం మన నఠభైరవి రాగం స్వరాలేనని ఇట్టే పట్టేస్తారు.

పాత అభిమానులు కొందరు మాత్రం డబ్బుకు లొంగిపోయారని మండిపడ్డారు. ఆ మాట నేను ఒప్పుకోను. హోరులో గొంతు కాస్త తప్పినా కలిసిపోతుంది. నెమ్మదిగా పాడేటప్పుడు శ్రుతి రవ్వంత జారినా దొరికిపోతాం. అందుకు ధైర్యం కావాలి. పైగా తీరు మారినంత మాత్రాన పాట వాళ్లది కాకుండా పోదు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి, ఆనాటి వరసలు మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటివాళ్లు మళ్లీ కట్టారు. వరస కొత్తది కాబట్టి అది అన్నమయ్య పాట కాదని ఈ ఊళ్లో ఎవరైనా అంటారా?

2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. చిత్తూరు మీదుగా బస్సెక్కితే మనకు ఎంత దూరం!

మీ ఇంట్లో గిటార్ కొత్తగా పట్టిన పిల్లలుంటే ఈ పాట ఆరంభం వాయించమనండి. అన్నిటికన్నా లావు తీగ ఒకసారి, ఆ తర్వాత అట్టడుగున ఉన్న మూడు సన్న తీగలు వరసగా. ఎడమచేతికి పనే లేదు. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా పక్కన కూర్చుని వినండి.

నమస్కారం.