విశ్రాంత జీవితానికి ఒంటిపూట బడి

శ్రోతలకు నమస్కారం.

ఏటా మార్చి నెల సగానికి వచ్చేసరికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు ఒంటిపూటకు మారతాయి. ఉదయం ఎనిమిదికి అటూ ఇటుగా గంట కొట్టి, పన్నెండున్నరకల్లా పిల్లలను ఇళ్ళకు పంపించేస్తారు. పిల్లలను ఎండ నుంచి కాపాడే జాగ్రత్తగానే మనం దీన్ని చూస్తాం కాని, అందులో మరొక ఇంగితం కూడా ఉంది. ఈ నేల మీద వేసవిలో చదువుకూ ఆలోచనకూ పనికివచ్చే వేళ మధ్యాహ్నంలోపే గడిచిపోతుందని ఆ ఏర్పాటు ఒప్పుకుంటున్నది. పిల్లల విషయంలో ఒప్పుకున్న ఈ సంగతిని పెద్దల విషయంలో, ముఖ్యంగా ఉద్యోగం నుంచి దిగిపోయిన పెద్దల విషయంలో, మనం ఎందుకు ఒప్పుకోకూడదన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

పదింటికి మొదలై అయిదింటికి ముగిసే కచేరీ వేళలు మన ఎండను చూసి పెట్టినవి కావు. రైతు కోడి కూసే వేళకు అరక కట్టి, ఎండ నెత్తికెక్కకముందే విప్పేవాడు. నేతగాళ్ళ వీధుల్లో ఆరుబయట పడుగు సాగదీసి గంజి పెట్టే పనిని నేటికీ తెల్లవారుజామునే ముగించుకుంటారు. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కి తెగుతుంది. మాబోటి గుమాస్తాలు మాత్రం ముప్ఫయ్యేళ్ళకు పైగా, వడగాడ్పు కిటికీ తలుపులను కొడుతున్న వేళలోనే ఫైళ్ళు తిరగేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్ళకూ, తెలంగాణలో 61 ఏళ్ళకూ ప్రభుత్వోద్యోగం మనల్ని వదిలిపెడుతుంది కాని, ఆ గడియారం వదిలిపెట్టదు.

కొత్తగా పదవీ విరమణ చేసినవారి దినచర్య గమనించండి. ఇక తీరికే కదా అని ఆరున్నరకు లేచి, కాఫీ, వార్తాపత్రిక, స్నానం, పూజ, ఫలహారం ఒకదాని తరువాత ఒకటి సావకాశంగా ముగించుకొని, పదకొండు గంటల వేళకు, ఎన్నో ఏళ్ళుగా రాయాలనుకుంటున్న ఊరి చరిత్రో, బొమ్మో, రాగమో ముందు పెట్టుకొని కూర్చుంటారు. అప్పటికి డాబా కప్పు కాలి, పంకా వేడిగాలిని గదంతా తిప్పుతూ ఉంటుంది. నాలుగు వాక్యాలు రాసేసరికి తల దిమ్మెక్కుతుంది. నాలుగు రోజులు ఇలా గడిచాక, "వయసు మీద పడింది, ఇక మన వల్ల కాదు" అని కలం మూసి టీవీ పెట్టుకుంటారు. వయసు మీద నేరం మోపే ముందు కాస్త వేళను కూడా విచారించమని నా మనవి.

వేడికి బుర్ర మందగించడం ముసలితనపు లక్షణం కాదు. 2016 వేసవిలో అమెరికాలోని బోస్టన్ నగరంలో వడగాడ్పులు వీచినప్పుడు, కాలేజీ విద్యార్థులకు నిద్ర లేవగానే చిన్న చిన్న పరీక్షలు పెట్టి చూశారు. ఏసీ లేని వసతి గదుల్లో పడుకున్నవారు, ఏసీ గదుల్లో పడుకున్నవారి కంటే ఆలస్యంగా స్పందించారు. కూడికలూ తీసివేతల్లోనూ వెనుకబడ్డారు. వాళ్ళు ఇరవై ఏళ్ళ వయసు పిల్లలు. ఇరవై ఏళ్ళవాడికే అట్లా ఉంటే అరవై అయిదేళ్ళ మనిషి తనను తాను నిందించుకోవడం న్యాయం కాదు. ఈ పరీక్షలో నాకు ముఖ్యంగా కనిపించింది మరొకటి. వాళ్ళను పరీక్షించింది నిద్ర లేచిన వెంటనే. అంటే ఉదయపు చురుకుదనం రాత్రి వేడితో ముడిపడి ఉన్నదన్నమాట. కాబట్టి ఒంటిపూట బడి పెట్టుకోదలచినవారు ముందుగా రాత్రిని చక్కబరచుకోవాలి.

మన కాంక్రీటు ఇళ్ళు పగలంతా తాగిన వేడిని రాత్రి పన్నెండు దాకా గదిలోకి వదులుతూనే ఉంటాయి. కప్పు మీద తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్లరంగో పూయడం దీనికి చౌకైన ఉపాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్నే ప్రకటించింది. సొంత డాబా ఉన్నవారు వేసవి రాకముందే ఈ పని చేయించుకుంటే పగటి ఏసీ ఖర్చులో కొంత భాగమైనా మిగులుతుంది. ఎండ పొద్దెక్కగానే పడమటి, దక్షిణపు కిటికీలు మూసి, బయటి గాలి లోపలి గాలి కంటే చల్లబడిన తరువాతే తెరవడం రెండో జాగ్రత్త. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి రాత్రికి పక్కలు పరుచుకునే పాత అలవాటు, అవకాశం ఉన్నచోట, ఇప్పటికీ మేలే.

ఇక ఒంటి సంగతి. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనందరికీ తెలుసు. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన తేమ ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. మన శరీరమూ చెమటతో ఈ పనే చేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో కుండనీళ్ళు మా పల్నాడులో చల్లబడినంతగా చల్లబడవు. ఒంటి మీద చెమట కూడా ఆరక కారిపోతుందే తప్ప చల్లదనం ఇవ్వదు. అందుకే వాతావరణ శాఖవారు మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటాక వడగాలుల మాట తలపెడితే, తీరప్రాంతంలో 37 డిగ్రీల నుంచే లెక్కలోకి తీసుకుంటారు.

వయసు పెరిగేకొద్దీ రెండు మార్పులు వస్తాయి. చెమట పట్టడం తగ్గుతుంది. దాహం వేయడం కూడా తగ్గుతుంది. ఒంట్లో నీరు తరిగిపోతున్నా నాలుక ఆ కబురు చెప్పదు కనుక, దాహం వేసినప్పుడు తాగుదామని కూర్చోకుండా వేళ ప్రకారం తాగాలి. రాత్రి పదేపదే లేవవలసి వస్తుందన్న భయంతో చాలామంది పెద్దలు సాయంత్రం నుంచే కాక పగలు కూడా నీళ్ళు తగ్గించుకుంటారు. ఇది బయటికి చెప్పుకోని సంగతి కాని, ప్రమాదమంతా ఇక్కడే ఉంది. తాగవలసిన నీళ్ళలో ఎక్కువ భాగం మధ్యాహ్నం మూడు లోపే తాగేస్తే ఈ చిక్కు తీరుతుంది. పలుచని మజ్జిగ, రాగి అంబలి, సబ్జా గింజల నీళ్ళు, తాటిముంజలు, ఏది దొరికితే అది మంచిదే. రక్తపోటుకు ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారు, గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీటికి పరిమితి ఉన్నవారు వేసవి మొదట్లోనే వైద్యుణ్ణి అడిగి మోతాదులు సరిచూసుకోవాలి. సొంతంగా మాత్రలు మానకూడదు. ఉప్పు కలిసిన ఓఆర్ఎస్ నీళ్ళు కూడా మనిషి నీరసించినప్పుడు వాడేవే తప్ప, అందరూ రోజూ తాగవలసిన షర్బత్తు కాదు. నలభై డిగ్రీలు దాటిన గదిలో పంకా ఒక్కటే ఉంటే ఒంటిని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. అటువంటి వేళల్లో తడి తువ్వాలు భుజాల మీద కప్పుకోవాలి. మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతూ, ఉన్న చోటు తెలియనట్టు ప్రవర్తించే మనిషికి వడదెబ్బ తగిలిందని గ్రహించి, వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరాలి. స్పృహ తప్పినవారి నోట్లో నీళ్ళు పోయరాదు. 2015 మే నెలలో దేశం మొత్తం మీద వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా పోయారు. వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవారే కాబట్టి ఇంతగా చెప్పవలసి వస్తున్నది.

ఇప్పుడు బడి సంగతికి వద్దాం. నాలుగున్నరకు లేచి, అయిదు నుంచి తొమ్మిది వరకు ఉండే సమయాన్ని, మనం ఏ పనిని మనస్ఫూర్తిగా చేయదలచామో దానికే కేటాయించాలి. వార్తాపత్రిక ఆ తరువాత చదవవచ్చు. ఎవరో వాట్సాప్‌లో పంపిన శుభోదయం మధ్యాహ్నానికి కూడా శుభంగానే ఉంటుంది. ఇది కష్టమైన నియమమనుకునేవారు వేసవిలో వడియాలు పెట్టేవారిని ఒకసారి చూడాలి. మా అక్కయ్య ఎనభయ్యో పడిలో కూడా ఈ పని మానలేదు. ముందు రోజు రాత్రే సగ్గుబియ్యం నానబోస్తుంది. తెల్లవారకముందే ఎసరు పెట్టి, నూరిన పచ్చిమిర్చీ జీలకర్రా వేసి, ఎండితే ఉప్పు తేలుతుంది కనుక ఒక పాలు తక్కువే వేసి, బియ్యప్పిండి ఉండకట్టకుండా కలిపి గంటెజారుగా దించుతుంది. డాబా మీద పాత పంచె తడిపి పరిచి, సూర్యుడు పిట్టగోడ దాటకముందే వరసలు పెట్టడం ముగిస్తుంది. ఆ తరువాత రోజంతా పని చేసేది ఎండ. ఆమె కింద తలుపులు వేసుకొని నిద్రపోతుంది. మర్నాడు పంచె తిరగేసి, వెనక వైపు నీళ్ళు చిలకరించి, ఒక్కొక్కటీ విరగకుండా ఊడదీస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం భయపడే ఎండ ఆమెకు ముడిసరుకు. ఆవకాయ ముక్కలు తుడిచి ఆరబెట్టినా, కారం కోసం మిరపకాయలు ఎండబోసినా, అప్పడాలు ఒత్తినా ఈ ఇంగితమే పనిచేస్తుంది. వీటిని సృజన అని మనం పిలవకపోవడం మన లోపమే.

ఏ పని చేయాలి అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేను కాని, ఎంత పని చేయవచ్చో చెప్పడానికి మన మధ్యనే మనుషులున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి 1911లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో విరమించారు. సవర గిరిజనులు ఉండే కొండల్లో తిరుగుతూ జ్వరాల పాలై, క్వినైను వాడకం వల్ల అప్పటికే వినికిడి కోల్పోయారు. భాషను చెవితో పట్టుకోవలసిన పండితుడికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. అయినా ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చే పనులన్నీ ఎక్కువగా విరమణ తరువాత చేసినవే. వాడుక భాష కోసం ఊరూరా తిరిగి వాదించడం, 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి నడపడం ఆ కాలంలోనే జరిగాయి. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ఆ నిఘంటువును ఆయన ఒక్క ఊపులో రాయలేదు. ఒక మాట విని, దాన్ని మళ్ళీ అడిగి, చీటీ రాసి, సరిచూసి చేర్చే పని దశాబ్దాల పాటు సాగింది. విశ్రాంత జీవితానికి ఇటువంటి పనులు బాగా నప్పుతాయి. ఒక్క రోజు ఆగినా చెడిపోవు, మర్నాడు ఆగిన చోటే మొదలుపెట్టవచ్చు. మండే ఎండలకు పేరుపడ్డ కర్నూలులో వైద్య కళాశాల ఆచార్యుడిగా పనిచేసిన సంగీత విద్వాంసుడు శ్రీపాద పినాకపాణి గారు కూడా, డెబ్బై ఏళ్ళ వయసులో 1983లో సంగీత కళానిధి బిరుదు అందుకొన్నారు.

మనం అంతవాళ్ళం కాకపోవచ్చు. అయినా మన ఊళ్ళో పూడిపోయిన చెరువుల పేర్లు, పాత దిగుడుబావులు ఎక్కడెక్కడ ఉండేవో, కుమ్మరి, కంసాలి, సాలె తమ పనిముట్లను ఏమేమి పేర్లతో పిలిచేవారో తెలిసిన ఆఖరి తరం మనదే. నోటుపుస్తకంలో రోజుకు ఒక పుట రాసినా, తెలుగు వికీపీడియాలో ఊరి పేజీ తెరిచి నాలుగు సరైన వాక్యాలు చేర్చినా అది పనికివచ్చే పనే. 2003లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వం నేడు లక్ష వ్యాసాలు దాటిందంటే, అందులో జీతం లేని చేతుల శ్రమే కారణం.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా బడి మూసి ఉంచాలి. భోజనం తేలికగా ముగించి కాసేపు నిద్రపోవడంలో తప్పు లేదు. తెల్లవారుజామున లేచినవారికి అది హక్కు. మెలకువగా ఉన్న సమయంలో ఉదయం రాసింది శుభ్రంగా ఎత్తిరాయడం, పాత ఫొటోల వెనక పేర్లు రాయడం, రేడియో వినడం వంటి, తల వేడెక్కని పనులు చేసుకోవచ్చు. ఈ వేళలో కొత్తది పుట్టలేదని బెంగపడకూడదు.

ఇక్కడ పురుష శ్రోతలకు ఒక మాట. మనం పదవీ విరమణ చేశాం. వంటింట్లో ఉన్న మనిషి చేయలేదు. మే నెలలో పన్నెండింటికి పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి తగిలే సెగ, ముందుగదిలో ఏ థర్మామీటరుకూ తెలియదు. మన సృజన కోసం ఆమె ఉదయపు వేళంతా కాఫీలకూ ఫలహారాలకూ ఖర్చయితే, ఇంట్లో ఒంటిపూట బడి ఒకరికే పెట్టినట్టవుతుంది. రెండు పూటల వంటా కలిసి ఎనిమిది లోపు ముగించుకోవడం, రాత్రికి పెరుగన్నంతో సరిపెట్టుకోవడం, మూడింటి టీ ఎవరిది వారే పెట్టుకోవడం అన్న మూడు మార్పులు చేస్తే, ఆమెకూ ఒక గంట చిక్కుతుంది. ఆ గంటలో ఆమె ఏం చేయాలన్నది ఆమె ఇష్టం.

పిల్లలు దూరాన ఉండి, ఒంటరిగా బతుకుతున్న విశ్రాంత ఉద్యోగులు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వేసవిలో వారికి ఎండకు తోడు, రోజంతా ఎవరూ పలకరించకపోవడం కూడా ప్రమాదమే. ఒకప్పుడు ఒకే గదిలో బల్లలు వేసుకొని కూర్చున్న సహోద్యోగులు ఇద్దరిద్దరు జతకట్టి, జూన్‌లో వానలు పడేదాకా ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఫోను చేసుకునే ఏర్పాటు పెట్టుకోవచ్చు. ఉదయం ఫోనులో ఆనాడు రాసింది చదివి వినిపించాలి. మధ్యాహ్నం ఫోనులో ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో చెప్పాలి. మూడింటి ఫోను ఎత్తకపోతే పక్కింటివారికి కబురు చేయాలి. అందుకోసం ఎదుటివారి పక్కింటి ఫోను నంబరు ముందుగానే రాసి పెట్టుకోండి.

సెలవు. నమస్కారం.