తలుపు కొట్టేదెవరు? డిగ్రీలో డ్రామా పేపరు చదవడం గురించి

వేదిక మీది పెద్దలకు, ఇంగ్లీషు శాఖ అధ్యాపకులకు, ఆనర్స్ విద్యార్థులకు నమస్కారం.

నెల్లూరులో సాహిత్యం గురించి మాట్లాడాలంటే తిక్కన గారితో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆయనకు ఒక దండం పెట్టుకుని నేను ఇంకో దారిలో వెళ్తాను. నన్ను పిలిచింది మీ అడ్వాన్స్‌డ్ లిటరేచర్, డ్రామా పేపర్ల గురించి చెప్పమని. ఒకప్పుడు బీఏలో స్పెషల్ ఇంగ్లీషు మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా ఉండేది. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక మీకు అదే ప్రధానమైంది. పేపర్లు పెరిగాయి, వాటితో పాటు గైడ్లూ పెరిగాయి.

అడ్వాన్స్‌డ్ అంటే ఎక్కువ నాటకాలు చదవడం అని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. మొదటి ఏడాదిలో నాటకం మొత్తం కథ తెలుసుకుంటారు. మూడో ఏడాదిలో ఒక్క సీను దగ్గర వారం రోజులు ఆగగలగాలి. అట్లా ఆగలేకపోతే పది నాటకాలు చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే.

షేక్స్‌పియర్ నాటకం మాక్‌బెత్ తీసుకుందాం. రెండో అంకంలో రాజు డంకన్‌ను చంపి మాక్‌బెత్ బయటికి వస్తాడు. కత్తులు రాజు గదిలో కాపలావాళ్ల దగ్గర పెట్టి రావాల్సింది, చేతుల్లోనే పట్టుకొచ్చేస్తాడు. నేను మళ్లీ ఆ గదిలోకి పోలేనంటాడు. భార్య విసుక్కుని కత్తులు లాక్కుని తనే వెళ్తుంది. వేదిక మీద అతనొక్కడే ఉంటాడు. అప్పుడు మొదలవుతుంది తలుపు చప్పుడు. ఎవరు కొడుతున్నారో తెలియదు. మళ్లీ కొడతారు. ఆమె ఎర్రబడిన చేతులతో తిరిగొస్తుంది, కాసిని నీళ్లతో కడుక్కుంటే పోతుందంటుంది. మళ్లీ చప్పుడు. వాళ్లిద్దరూ లోపలికి పోయాక, తాగిన మత్తు దిగని కాపలావాడు తూలుకుంటా వస్తాడు. తాను నరకం గేటు దగ్గర కాపలా ఉన్నట్టు ఊహించుకుని, వచ్చేవాళ్లను ఒక్కొక్కరినీ లోపలికి ఆహ్వానిస్తుంటాడు.

స్పాట్ వాల్యుయేషన్‌లో ఈ కాపలావాడి మీద ప్రశ్న వచ్చిందంటే జవాబు చదవకుండానే చెప్పేయొచ్చు: కామిక్ రిలీఫ్, అంటే ఉద్వేగం మధ్య కాస్త నవ్వు. ప్రతి పేపర్లోనూ అదే మాట. తప్పని అనను. కానీ వాడు ఏం మాట్లాడుతున్నాడో ఎవరైనా చదివారా అని నా అనుమానం. వాడి నరకానికి మొదట వచ్చేది ఒక రైతు. ధర పెరుగుతుందని గింజలు దాచుకుంటే, పంట బ్రహ్మాండంగా పండే సూచన కనపడేసరికి ఉరేసుకున్న రైతు. పుట్టి ధర ఎంత పలుకుతుందని రోజూ మాట్లాడుకునే ఊళ్ల నుంచి వచ్చారు మీరు. మీకు దీనికి ఫుట్‌నోట్ ఎందుకు? లండన్ పిల్లవాడి కంటే మీకే ముందు అర్థం కావాలి.

రెండోవాడు మాటను అటూ ఇటూ తిప్పి చెప్పే మాయగాడు. 1605లో ఇంగ్లండు పార్లమెంటును మందుపాతరతో పేల్చేయాలన్న కుట్ర బయటపడింది. మరుసటి ఏడాది విచారణలో హెన్రీ గార్నెట్ అనే మతగురువు ఇట్లా రెండర్థాల మాటలు చెప్పాడన్నది పెద్ద గొడవ అయింది. ఆయన్ని ఉరితీశారు. ఆనాటి ప్రేక్షకులకు ఆ వార్త పచ్చిగా ఉంది. ఇప్పుడు ఈ నాటకంలో మంత్రగత్తెలు మాక్‌బెత్‌కు జోస్యంగా చెప్పిన మాటలు గుర్తుకు తెచ్చుకోండి. అవన్నీ రెండర్థాల మాటలే కదా. నాటకం మొత్తానికి తాళంచెవి తాగుబోతు చేతికిచ్చాడు షేక్స్‌పియర్. మనమేమో నవ్వుకోవడానికి పెట్టాడని రాసి మూడు మార్కులు తెచ్చుకుంటున్నాం.

క్లాసులో ఒక పని చేసి చూడండి. ఇద్దరు చదవాలి, ఒకరు తలుపు బయట నిలబడాలి. పుస్తకంలో చప్పుడు అని ఉన్న ప్రతిచోటా కొట్టాలి. ముందుగా ఏ వివరణా వద్దు. బయట ఉన్నవాడు వెంటనే అడుగుతాడు: ‘ఎంత గట్టిగా కొట్టాల సార్? మధ్యలో ఎంతసేపు ఆగాల?’ అక్కడే సాహిత్య విమర్శ మొదలైంది. మెల్లగా కొడితే మాక్‌బెత్ భ్రమపడుతున్నాడేమో అనిపిస్తుంది. బాదితే న్యాయం వచ్చి వాకిట్లో నిలబడ్డట్టు ఉంటుంది. ఈ చప్పుడు ఒక్కదాని మీదే డిక్విన్సీ అనే ఇంగ్లీషు వ్యాసకర్త 1823లో ఒక వ్యాసం రాశాడు. హత్య జరిగినంతసేపూ మామూలు లోకం ఆగిపోయిందని, తలుపు చప్పుడుతో అది మళ్లీ కదిలిందని, కదిలాకే మనకు జరిగిన ఘోరం తెలిసొస్తుందని ఆయన వాదన. ముందు మీరు తలుపు కొట్టి, తర్వాత ఆ వ్యాసం చదవండి. వరస మారిస్తే ఆయన మాట కంఠతా పడుతుంది గానీ మీ మాట పుట్టదు.

ఇంకో సంగతి. రాజులూ దొరలూ పద్యంలాంటి లయలో మాట్లాడుతుంటే ఈ కాపలావాడు వచనంలో మాట్లాడతాడు. ఇది మన ఊరికి కొత్త కాదు. వేదం వేంకటరాయశాస్త్రి గారి నాటకాలు ఆడిన ఆంధ్ర భాషాభిమాని సమాజం నెల్లూరుదే. ఆయన 1897 నాటి నాటకం ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడు ఇంట్లో మాట్లాడుకునే తెలుగే మాట్లాడతాడు. పాత్రోచిత భాష అన్నారు దాన్ని. సంస్కృత నాటకంలో రాజుకు సంస్కృతం, స్త్రీలకు, విదూషకుడికి ప్రాకృతం ఉన్నట్టే తెలుగులోనూ పాత్రను బట్టి మాట ఉండాలన్నది శాస్త్రిగారి పట్టు. పండితులు ఆక్షేపించారు. తమాషా ఏమిటంటే, నాటకం బయట ఆయన గ్రాంథిక భాష పక్షమే. గ్రామ్యాన్ని ఎక్కడ వాడొచ్చో గీత గీస్తూ ఒక నిబంధన గ్రంథమే రాశారు. అదే 1897లో అచ్చయిన కన్యాశుల్కం ఆ గీతను లెక్కచేయలేదు. అందులో ఎవరి మాటయినా వాడుక మాటే.

ఈ గొడవ తెలిసినవాడికి షేక్స్‌పియర్‌లో ఒక పెద్ద ప్రశ్న కనపడుతుంది. అయిదో అంకంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ, లేని రక్తపు మరక కడుక్కుంటూ మాట్లాడేది వచనంలో. ఆమె రాణి. మరి లయ ఏమైంది? పాత్ర భాషను నిర్ణయించేది అంతస్తా, మనసు స్థితా? హామ్లెట్ పిచ్చి నటించేటప్పుడు ఏ భాషలో మాట్లాడతాడో కూడా చూడండి. పేరిగాడినీ, ఈ కాపలావాడినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా ప్రాజెక్టు రాస్తే నేను సంతోషంగా చదువుతాను. ఇక్కడి విద్యార్థి మాత్రమే రాయగల ప్రాజెక్టు అది. మాక్‌బెత్‌లో ఆశ అని పది పేజీలు నింపే పని ఎవరైనా చేస్తారు.

ఆధునిక నాటకం గురించి టూకీగా చెప్తాను. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1879లో రాసిన ఎ డాల్స్ హౌస్‌లో నోరా ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. జర్మనీలో ఒక నటి అట్లా నటించనని మొండికేస్తే, ఆయన ఇష్టం లేకుండానే ఇంకో ముగింపు రాసిచ్చాడు. ఆ రెండు ముగింపులూ చదివి, మీ ఇంట్లో ఎవరు ఏది ఒప్పుకుంటారో అడగండి. గిరీష్ కర్నాడ్ నాటకం తుగ్లక్ తప్పక ఉండాలి. 1964లో కన్నడంలో రాసి తనే ఇంగ్లీషు చేశాడు, అందుకని అనువాదంలో ఏం పోయిందన్న వంక మనకు ఉండదు. బెకెట్ నాటకం వెయిటింగ్ ఫర్ గోడో మాత్రం అన్నిటికంటే చివర్లో పెట్టండి. నాటకంలో ఏదో ఒకటి జరగాలనే అలవాటు ముందు గట్టిపడితే, ఏమీ జరగకపోవడం అప్పుడు తగులుతుంది.

నాటకం చదివితే ఉద్యోగమొస్తుందా అని అమ్మానాన్నలు అడుగుతారు. నేరుగా రాదు. కాలేజీ లెక్చరర్ కావడానికి రాసే అర్హత పరీక్ష నెట్ సిలబస్‌లో మొదటి యూనిట్టే డ్రామా అని మాత్రం చెప్పండి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ శాఖ ఉందని కూడా చెప్పండి. మిగతాది వాళ్లు మిమ్మల్ని వేదిక మీద చూసినప్పుడు ఆలోచించుకుంటారు.

అధ్యాపకులకు రెండు మనవులు. ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగం పైకి చదివి వినిపించడానికి ఇవ్వండి. ఉచ్చారణకు కాదు, ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు అన్నదానికి. రెండోది, లైబ్రరీకి ఒక్క మంచి ఎడిషన్ తెప్పించండి. పదాలకు కింద అర్థాలతో, పాఠాంతరాలతో వచ్చే ఆర్డెన్ లాంటిది. తెప్పించాక రిఫరెన్స్ కాపీ అని ముద్ర వేసి బీరువాలో పెట్టి తాళం మాత్రం వేయకండి.